ఉక్కు నగరం లెక్కల్లో గణన మేధ

2017 మార్చి 28న ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ తీరం దాటిన డెబ్బీ తుఫాను అక్కడి గనుల నుంచి రేవులకు బొగ్గు చేరవేసే రైలు మార్గాలను దెబ్బతీసి వారాల తరబడి మూయించింది. అంతకు ముందు టన్ను 150 డాలర్ల దరిదాపుల్లో ఉన్న మేలు రకం కోకింగ్ బొగ్గు ధర ఏప్రిల్ మధ్యకల్లా 300 డాలర్ల సమీపానికి ఎగబాకింది. ఆ తుఫానుకు విశాఖపట్నంలో ఒక్క చెట్టు కూడా కూలలేదు గాని, దిగుమతి బొగ్గు మీద బతికే విశాఖ ఉక్కు కర్మాగారం వంటి సంస్థలన్నింటికీ దాని బిల్లు మాత్రం వచ్చింది.

1971 జనవరి 20న శంకుస్థాపన జరిగి, 1992 ఆగస్టు 1న జాతికి అంకితమైన ఈ కర్మాగారానికి ఏడాదికి 73 లక్షల టన్నుల ఉక్కు తయారుచేసే సామర్థ్యం ఉన్నా, సొంత ఇనుప గని లేదు. ఇనుప ఖనిజం బైలదిల్లా కొండల నుంచి కిరండోల్–కొత్తవలస రైలు మార్గం మీదుగా దిగివస్తుంది. కోకింగ్ బొగ్గు ప్రధానంగా ఆస్ట్రేలియా నుంచి సముద్రం మీద వస్తుంది. ప్రపంచ ఉక్కు పరిశ్రమ సగటు ప్రకారం బ్లాస్ట్ ఫర్నేస్ పద్ధతిలో టన్ను ఉక్కుకు సుమారు 1.4 టన్నుల ఖనిజమూ, దాదాపు 0.8 టన్నుల బొగ్గూ పడతాయి. ఓడ బయలుదేరిన రెండు మూడు వారాలకు గాని ఇక్కడికి చేరని ఆ బొగ్గును ఎప్పుడు కొనాలి, ఏ రకాలను ఏ పాళ్లలో కలపాలి, వచ్చిన ఓడలను ఏ వరుసలో రేవులోకి తీసుకోవాలి, అప్పుపై సరుకు తీసుకెళ్లిన వ్యాపారి తిరిగి కట్టగలడా లేడా అన్న ప్రశ్నలు ఉక్కు నగరంలో ఏదో ఒక కార్యాలయంలో రోజూ ఎదురయ్యేవే. వీటికి జవాబు వెతకడానికి ఆర్థిక శాస్త్రమూ కంప్యూటర్ శాస్త్రమూ కలిసి గత నలభై ఏళ్లుగా పెంచుకొచ్చిన పద్ధతుల సముదాయానికే కంప్యుటేషనల్ ఇంటెలిజెన్స్, తెలుగులో గణన మేధ, అని పేరు. ఈ ప్రశ్నలన్నీ ఒకే గాటన కట్టదగినవి కావు; కొన్నింటిలో యంత్రం నిజంగా అక్కరకొస్తుంది, కొన్నింటిలో మనిషి కంటే ధీమాగా తప్పు చెబుతుంది.

పాఠ్యపుస్తకంలోని సంత, రేవులోని సంత

గిరాకీ గీత, సరఫరా గీత ఒకదానినొకటి ఖండించుకునే చోట ధర నిలుస్తుందని కళాశాల విద్యార్థికి నేర్పుతారు. కొనేవారికీ అమ్మేవారికీ అన్ని సంగతులూ తెలుసుననీ, తెలిసినదంతా తప్పు లేకుండా లెక్కగట్టి తమకు అత్యంత లాభదాయకమైన నిర్ణయమే తీసుకుంటారనీ ఆ బొమ్మ ఊహిస్తుంది. నిజమైన కొనుగోలుదారు పరిస్థితి వేరు. 2010 దాకా కోకింగ్ బొగ్గుకు ఏడాదికొకసారి బేరం కుదిరి అదే ధర ఏడాదంతా నడిచేది. ఆ ఏడాది నుంచి మూడు నెలలకొక ధర వచ్చింది. ఆ తరువాత రోజువారీ సూచీలకు ముడిపడిన ధరలు వచ్చాయి. నిర్ణయానికి ఉన్న వ్యవధి తగ్గింది, చూడవలసిన అంకెలు పెరిగాయి. మనుషులు అన్నీ తెలిసి శ్రేష్ఠమైనదాన్ని ఎంచుకోరనీ, ఉన్న సమయంలో ఉన్న సమాచారంతో పనికి సరిపోయేదాన్ని వెతుక్కుని ఆగిపోతారనీ వాదించిన హెర్బర్ట్ సైమన్‌కు 1978లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ బహుమతి దక్కింది. సైమన్ మాటను ఒప్పుకున్నాక అలా వెతుక్కునే పనిని యంత్రానికి ఎలా నేర్పాలన్న ప్రశ్న మిగులుతుంది.

దానికి మూడు దిక్కుల నుంచి జవాబులు వచ్చాయి. మెదడులోని కణాల పనితీరును గణిత రూపంలో పెట్టిన మెకలక్, పిట్స్‌ల 1943 నాటి వ్యాసం నుంచి న్యూరల్ నెట్‌వర్కులు మొలిచాయి. బాకూలో పుట్టి అమెరికాలో స్థిరపడిన లోత్ఫీ జాదె 1965లో ప్రతిపాదించిన అస్పష్ట సమితుల నుంచి ఫజీ తర్కం వచ్చింది. జీవపరిణామాన్ని అనుకరిస్తూ జాన్ హాలండ్ 1975లో వెలువరించిన గ్రంథంతో జన్యు అల్గరిథాలకు శాస్త్ర ప్రతిష్ఠ కలిగింది. కచ్చితమైన సమీకరణం దొరకని చోట, అనుభవం నుంచీ ప్రయత్నం నుంచీ పనికొచ్చే జవాబును రాబట్టడమే ఈ మూడింటి లక్షణం.

బొగ్గు కలపడం

గణన మేధ బలం ఎక్కడుందో తెలియాలంటే కోక్ ఓవెన్ దగ్గర మొదలుపెట్టడం మేలు. బొగ్గును గాలి తగలకుండా పదహారు గంటలకు పైగా వెయ్యి డిగ్రీల వేడిలో ఉంచితే ఆవిరయ్యే పదార్థాలన్నీ పోయి, రంధ్రాలతో కూడిన గట్టి ముద్దగా కోక్ మిగులుతుంది. బ్లాస్ట్ ఫర్నేస్‌లో కోక్ వేడినిస్తుంది, ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది, పైనున్న వేల టన్నుల బరువును మోస్తూ కింది నుంచి వాయువులు పైకి పోవడానికి దారి కూడా ఇస్తుంది. ఆ బరువుకు కోక్ నలిగి పొడైతే దారి మూసుకుపోతుంది. అందువల్ల ఎంత చవకగా వచ్చిందన్నది చూసి ఊరుకుంటే కుదరదు, ఎంత బలంగా నిలుస్తుందన్నదీ చూడాలి. మేలు రకం బొగ్గు ఒక్కటే వాడితే ఖర్చు భరించలేరు, నాసిరకం ఎక్కువైతే కొలిమి భరించదు. అందుకే అనేక రకాలను కలుపుతారు. బూడిద తక్కువుండే దిగుమతి బొగ్గు, బూడిద ఎక్కువైనా దేశంలోనే దొరికే బొగ్గు, మెత్తగా కరిగి అంటుకునే గుణమున్న మరికొన్ని రకాలు ఆ మిశ్రమంలో ఉంటాయి.

ఎనిమిది రకాల బొగ్గు అందుబాటులో ఉన్నాయనుకుని, ఒక్కోదాని వాటాను ఐదేసి శాతం చొప్పున మాత్రమే మార్చవచ్చనుకుంటే, సాధ్యమయ్యే మిశ్రమాలు 8,88,030. ఒక్కో శాతం చొప్పున మార్చవచ్చంటే ఆ సంఖ్య 2,600 కోట్లు దాటుతుంది. వాటిలో చవకైనదీ, బలం హద్దు తప్పనిదీ ఏదో ఒక్కొక్కటిగా ఓవెన్‌లో పెట్టి చూడలేరు.

ఇక్కడొక విషయం నిజాయితీగా చెప్పుకోవాలి. మిశ్రమంలోని బూడిద, గంధకం వంటి గుణాలు పాళ్లను బట్టి కూడికలుగా వస్తాయి. అలాంటి చోట గత శతాబ్ది మధ్యలో పుట్టిన లీనియర్ ప్రోగ్రామింగ్ అనే పాత పద్ధతే వేగంగా, కచ్చితంగా జవాబిస్తుంది. కొత్త పేరున్న పద్ధతిని అక్కడికి తేవడం ఆర్భాటమే. కోక్ బలం మాత్రం కూడికకు లొంగదు. రెండు సాధారణ బొగ్గులు కలిసి ఒకదాని లోపాన్ని మరొకటి పూడ్చి ఊహించనంత గట్టి కోక్ ఇవ్వవచ్చు. రెండు మంచివి కలిసినా ఆశించినంత ఇవ్వకపోవచ్చు. గుణాలు ఇలా మెలికలు తిరిగే చోటే జన్యు అల్గరిథం అవసరమవుతుంది.

రైతు కోతకు ముందు చేను మొత్తం కలియదిరిగి నిండైన కంకులను ఏరి మరుసటి ఏటికి విత్తనంగా దాచినట్టే, ఈ పద్ధతి ప్రతి తరంలోనూ మేలైన జవాబులను విత్తనంగా దాచుకుని తరువాతి తరాన్ని పండిస్తుంది. ఏ కంకి ఎందుకు నిండిందో రైతు వివరించనక్కరలేదు. నిండినదాన్ని గుర్తుపడితే చాలు.

విడిగా: జన్యు అల్గరిథం నడిచే తీరు

యంత్రం మొదట ఏ ఆలోచనా లేకుండా ఓ రెండు వందల మిశ్రమాలను చీటీలు తీసినట్టు రాసుకుంటుంది. ఒక్కో మిశ్రమం ఎనిమిది అంకెల వరుస, మొత్తం నూరు. ఒక్కోదానికి మార్కులు వేస్తుంది: ఖర్చు తగ్గిన కొద్దీ మార్కులు పెరుగుతాయి, కోక్ బలం హద్దు కిందికి పోతే భారీగా కోత పడుతుంది. ఎక్కువ మార్కులు వచ్చినవాటిని జతపరచి, ఒకదాని అంకెల్లో కొన్నింటిని మరొకదాని అంకెలతో కలిపి కొత్త మిశ్రమాలు పుట్టిస్తుంది. మొత్తం నూరు కాకపోతే సరిచేస్తుంది. అప్పుడప్పుడు ఏదో ఒక అంకెను కావాలనే కొద్దిగా చెదరగొడుతుంది. అది లేకపోతే అన్నీ ఒకే పోలికకు వచ్చి వెతుకులాట మధ్యలోనే ఆగిపోతుంది. తరువాత మళ్లీ మార్కులు, మళ్లీ ఎంపిక. కొన్ని వందల తరాలు గడిచాక మిగిలేది అత్యుత్తమమైనదేనని హామీ ఉండదు. మనిషి చేతితో వెతికి పట్టుకోగలిగినదానికంటే మెరుగ్గా ఉండే అవకాశం మాత్రం ఎక్కువ.

పై వివరణలో ఒక ప్రశ్న మిగిలిపోయింది. ఓవెన్‌లో పెట్టకుండానే ఫలానా మిశ్రమానికి ఎంత బలం వస్తుందో యంత్రానికి ఎలా తెలుస్తుంది? గతంలో కాల్చి చూసిన మిశ్రమాల రికార్డులు ఇచ్చి, పాళ్లకూ బలానికీ ఉన్న సంబంధాన్ని న్యూరల్ నెట్‌వర్క్‌కు ముందుగా నేర్పుతారు. జన్యు అల్గరిథం దాన్ని అడిగి మార్కులు వేస్తుంది. ఒక పద్ధతి అంచనా వేస్తుంది, ఇంకొక పద్ధతి వెతుకుతుంది. ఆచరణలో గణన మేధ ఎక్కువగా ఇలా జంటగానే పనిచేస్తుంది.

ఓడల వరుస, డెమరేజ్

1933లో ప్రారంభమైన విశాఖ రేవులో కొండల చాటున లోపలి హార్బరు, 1970ల్లో పెద్ద ఓడల కోసం కట్టిన బయటి హార్బరు ఉన్నాయి. 2009లో దక్షిణాన గంగవరంలో దేశంలోని లోతైన ఓడరేవుల్లో ఒకటి తోడైంది. బెర్త్ ఖాళీ లేక ఓడ లంగరు వేసుకుని ఎదురుచూస్తే, ఒప్పందంలో రాసుకున్న గడువు దాటిన ప్రతి రోజుకూ సరుకుదారు డెమరేజ్ కట్టాలి. పది ఓడలు బయట నిలిచి ఉంటే వాటిని లోపలికి పిలవగల వరుసలు 36,28,800. ఏ ఓడకు ఎంత లోతు కావాలి, ఏ బెర్త్ దగ్గర ఏ క్రేను ఉంది, పోటు ఎప్పుడు, దించిన సరుకు మోయడానికి గూడ్సు రైళ్లు దొరుకుతాయా అన్నవన్నీ కలిస్తే లెక్క మరింత చిక్కుపడుతుంది. బెర్తుల కేటాయింపుకు జన్యు అల్గరిథాలు వాడే పరిశోధన ఈ శతాబ్ది ఆరంభం నుంచి ప్రపంచంలోని అనేక రేవుల మీద సాగుతోంది.

రేవు మనుషుల మాటల్లోనే ఉన్న ఇబ్బంది ఒకటుంది. ‘నిల్వ తక్కువగా ఉంది’, ‘ఓడ బాగా ఆలస్యమైంది’, ‘ధర ఓ మాదిరిగా ఉంది’ అంటారు. నిల్వ ఏడు రోజులకు సరిపడా ఉంటే తక్కువ, ఎనిమిది రోజులకైతే తక్కువ కాదు అని యంత్రానికి గీత గీసి చెబితే, ఏడున్నర దగ్గర అది ఒక్కసారిగా ఒక నిర్ణయం నుంచి మరో నిర్ణయానికి దూకుతుంది. ఫజీ తర్కంలో ఆ గీత ఉండదు. ఏడున్నర రోజుల నిల్వ ‘తక్కువ’ అన్న గుంపులో ఆరు పాళ్లు, ‘చాలినంత’ అన్న గుంపులో నాలుగు పాళ్లు చేరుతుంది. ‘నిల్వ తక్కువై, ధర ఓ మాదిరిగా ఉంటే, ఓ మోస్తరుగా కొనాలి’ అని అనుభవజ్ఞుడైన అధికారి చెప్పిన సూత్రాన్ని ఆ పాళ్ల మేరకు అమలు చేసి, ఇలాంటి సూత్రాలన్నీ ఇచ్చిన సలహాలను బరువులతో కలిపి ఒకే అంకెగా తేలుస్తుంది. జపానులోని సెండాయ్ నగరంలో 1987లో మొదలైన మెట్రో రైళ్ల వేగాన్నీ బ్రేకులనూ నియంత్రించింది ఈ తర్కమే. పదవీ విరమణతో పోయే అనుభవాన్ని సూత్రాలుగా రాసిపెట్టుకోవడానికి ఇంతకంటే సులువైన సాధనం లేదు. అది గుర్తింపుకు నోచుకోకపోవడానికి బహుశా దాని పేరే కారణం.

ధరను ముందే చెప్పగలదా?

సామాన్య పాఠకుడు మొట్టమొదట అడిగే ప్రశ్న ఇదే. బొగ్గు ధర, ఉక్కు కడ్డీ ధర, షేరు ధర రేపు ఎంత ఉంటాయో యంత్రం చెప్పగలిగితే మిగిలినవన్నీ చిన్న విషయాలే.

విడిగా: న్యూరల్ నెట్‌వర్క్ నేర్చుకునే తీరు

నిన్నటి ధర, ఓడ కిరాయి, రూపాయి మారకం విలువ వంటి అంకెలు ఒక వైపు నుంచి లోపలికి వెళతాయి. లోపల వరుసలుగా ఉన్న చిన్న చిన్న గణన బిందువుల్లో ప్రతిదీ తనకు అందిన అంకెలను వేర్వేరు బరువులతో హెచ్చించి, కూడి, ఒక హద్దు దాటిన మేరకు తరువాతి వరుసకు పంపుతుంది. చివర ఒక అంచనా బయటపడుతుంది. అంచనాకూ నిజానికీ ఉన్న తేడాను వెనక్కి పంచి, ఎవరి వల్ల ఎంత తప్పు జరిగిందో ఆ మేరకు బరువులను కొద్దికొద్దిగా సవరిస్తారు. వేల ఉదాహరణల మీద ఇలా సవరించుకుంటూ పోతే బరువులు కుదురుకుంటాయి. తప్పును వెనక్కి పంచే ఈ పద్ధతి 1986లో రమెల్‌హార్ట్, హింటన్, విలియమ్స్ రాసిన వ్యాసంతో ప్రసిద్ధికెక్కింది.

ఆ వ్యాసం వచ్చిన రెండేళ్లకే, 1988లో, ఆర్థిక గణిత శాస్త్రవేత్త హాల్బర్ట్ వైట్ ఐబీఎం కంపెనీ షేరు రోజువారీ రాబడుల మీద న్యూరల్ నెట్‌వర్క్‌ను పరీక్షించారు. నేర్పిన రోజుల మీద అది చక్కగా సరిపోయింది. చూపించని రోజుల మీదకు వచ్చేసరికి చేతులెత్తేసింది. 1999లో అలెన్, కార్యలైనెన్ అనే ఇద్దరు పరిశోధకులు 1928 నుంచి 1995 దాకా ఉన్న అమెరికా స్టాక్ సూచీ మీద జన్యు అల్గరిథంతో కొనుగోలు–అమ్మకం సూత్రాలను పండించి చూస్తే, లావాదేవీల ఖర్చులు తీసేశాక, ఊరికే కొని ఉంచుకున్నదానికి మించి నిలకడైన లాభం మిగల్లేదు. 2018లో లక్ష కాలశ్రేణులతో జరిగిన ఎం4 అనే అంచనాల పోటీలో పూర్తిగా యంత్రాభ్యాసం మీదే ఆధారపడిన పద్ధతులు సాధారణ గణాంక పద్ధతుల కలయికను కూడా దాటలేకపోయాయి. గెలిచినది పాత గణాంక పద్ధతినీ న్యూరల్ నెట్‌వర్క్‌నూ కలిపిన మిశ్రమం.

దీనికి మూడు కారణాలున్నాయి. మొదటిది, అతిగా నేర్చుకోవడం: బరువులు వేలల్లో ఉండి, ఉదాహరణలు తక్కువైతే, యంత్రం నియమాన్ని కాక ఆ రోజుల్లో యాదృచ్ఛికంగా జరిగిన కదలికలను బట్టీ పడుతుంది. రెండవది, చరిత్రలో లేనిది వచ్చిపడడం: పొడి సరుకు ఓడల కిరాయిని కొలిచే బాల్టిక్ సూచీ 2008 మేలో 11,793 దాకా వెళ్లి, అదే ఏడాది డిసెంబరులో 663కు పడిపోయింది, అంతకు ముందటి అంకెలెన్ని నేర్పినా అందులో అలాంటి పతనం లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు ఉక్కు కర్మాగారానికి కరెంటు పోయి ఉత్పత్తి నిలిచిన రోజులు కూడా అలాంటివే. మూడవదే అసలైనది. బొగ్గులో ఎంత బూడిద ఉందో యంత్రం అంచనా వేసినంత మాత్రాన ఆ బూడిద పెరగదు, తరగదు. ధర అలా కాదు. రేపు ధర పెరుగుతుందని యంత్రం చెబితే, ఆ మాట నమ్మినవారంతా ఈరోజే కొని ధరను ఈరోజే పెంచేస్తారు. మంచి అంచనా పదిమందికి తెలియగానే తన పునాదిని తానే తవ్వుకుంటుంది. కోక్ బలాన్ని అంచనా వేసే యంత్రం, కోకింగ్ బొగ్గు ధరను అంచనా వేసే యంత్రం లోపల ఒకేలా ఉన్నా, వాటిని ఎంతవరకు నమ్మవచ్చన్నదానిలో తేడా ఇదే. ధరను కచ్చితంగా చెబుతానని ఫోనులోకి వచ్చే ప్రతి ‘ఏఐ ట్రేడింగ్’ ప్రకటననూ పాఠకుడు ఈ ఒక్క కారణంతోనే పక్కన పెట్టవచ్చు.

ధరను చెప్పలేకపోయినా ధరలు ఎందుకు అలా ఊగుతాయో చూపించడంలో యంత్రం పనికొచ్చింది. 1990ల్లో అమెరికాలోని శాంటా ఫే సంస్థలో బ్రయాన్ ఆర్థర్, జాన్ హాలండ్ తదితరులు కంప్యూటరులోనే ఒక స్టాక్ మార్కెట్ పెట్టి, తమ సూత్రాలను జన్యు అల్గరిథంతో మార్చుకునే కృత్రిమ వ్యాపారులను అందులోకి వదిలారు. వ్యాపారులు తమ సూత్రాలను నిదానంగా మార్చుకున్నప్పుడు ధర పాఠ్యపుస్తకం చెప్పిన చోట స్థిరపడింది. తరచుగా మార్చుకున్నప్పుడు బుడగలూ పతనాలూ వాటంతటవే పుట్టాయి. 1993లో గోడే, శ్యామ్ సుందర్ చేసిన ప్రయోగం ఇంకా విచిత్రం: నష్టానికి కొనకూడదు, అమ్మకూడదు అన్న ఒక్క నిబంధన తప్ప మరే తెలివీ లేని యంత్ర వ్యాపారులు వేలంలో మనుషులకు దీటుగా సరుకు చేతులు మార్చారు. వేలం నియమాలే సగం తెలివి చూపిస్తున్నాయన్నమాట.

ఎవరి అప్పు మునుగుతుంది?

విశాఖతో ఈ శాస్త్రానికి ఉన్న పాత బంధుత్వం ఈ ప్రశ్న దగ్గర బయటపడుతుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తాకు, అక్కడి నుంచి కేంబ్రిడ్జికి వెళ్లిన కల్యంపూడి రాధాకృష్ణారావు, అంటే సి.ఆర్.రావు, 1948లో వర్గీకరణ మీద ఒక వ్యాసం వెలువరించారు. కొన్ని కొలతలు చూసి ఒక వస్తువు రెండు గుంపుల్లో దేనికి చెందుతుందో చెప్పే పద్ధతిని ఆయన గురువు రొనాల్డ్ ఫిషర్ 1936లో చూపించగా, రావు దాన్ని అనేక గుంపులకు విస్తరించారు. ఆ లెక్కలు అప్పట్లో జీవశాస్త్రం, మానవ శాస్త్రాల కోసం చేసినవి.

1968లో ఎడ్వర్డ్ ఆల్ట్‌మన్ ఈ కుటుంబానికే చెందిన పద్ధతిని కంపెనీల మీద ప్రయోగించారు. దివాలా తీసిన 33, నిలదొక్కుకున్న 33 అమెరికా తయారీ కంపెనీల లెక్కలు తీసుకుని, లాభానికీ ఆస్తులకూ మధ్య, షేర్ల విలువకూ అప్పులకూ మధ్య ఉన్న నిష్పత్తుల వంటి ఐదింటికి తగిన బరువులు కట్టి కూడితే వచ్చే ఒక్క అంకె దివాలాను ముందుగా సూచించగలదని చూపించారు. జడ్ స్కోర్ అనే ఆ అంకె నేటికీ బ్యాంకుల్లో వాడుకలో ఉంది. దాని లోపం దాని సరళత్వంలోనే ఉంది: అది రెండు గుంపుల మధ్య తిన్నని గోడ మాత్రమే కట్టగలదు, నిజమైన సరిహద్దు వంకర్లు తిరిగి ఉంటుంది.

ఆ వంకర్లను పట్టుకునే ప్రయత్నాలకు మన దగ్గర కేంద్రం హైదరాబాదులో రిజర్వ్ బ్యాంకు 1996లో నెలకొల్పిన బ్యాంకింగ్ టెక్నాలజీ పరిశోధన సంస్థ, ఐడీఆర్‌బీటీ. అక్కడి ఆచార్యుడు వడ్లమాని రవి సహ రచయితగా 2007లో యూరోపియన్ ఆపరేషనల్ రీసెర్చ్ పత్రికలో వెలువడిన సమీక్ష 1968 నుంచి 2005 దాకా దివాలా అంచనా మీద వచ్చిన పరిశోధనను పద్ధతుల వారీగా జల్లెడ పట్టింది. గణాంక పద్ధతుల నుంచి న్యూరల్ నెట్‌వర్కులకు, అక్కడి నుంచి రెండు మూడింటిని కలిపిన మిశ్రమ పద్ధతులకు ఈ రంగం ఎలా జరిగిందో అందులో కనిపిస్తుంది.

కంపెనీలు ఇచ్చే లెక్కలే అబద్ధమైతే ఏమిటన్నది తరువాతి ప్రశ్న. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు తన లేఖలో ఒప్పుకున్న ప్రకారం పుస్తకాల్లో చూపిన నగదు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు లేనివే. జడ్ స్కోర్ ఎంత జాగ్రత్తగా కట్టినా లేని నగదును అది ఉన్నట్టే లెక్కవేస్తుంది. ఆ తరువాత 2011లో రవి బృందం 202 చైనా కంపెనీల ఆర్థిక నివేదికలను, అందులో సగం మోసపూరితమైనవి, తీసుకుని మోసాన్ని పసిగట్టే పద్ధతులను పోల్చింది. న్యూరల్ నెట్‌వర్కుల్లో ఒక రకమూ, సూత్రాలనే పరిణామ పద్ధతిలో పెంచే జన్యు ప్రోగ్రామింగూ ముందు నిలిచాయి. అంకెలు విడివిడిగా నమ్మదగినట్టే ఉన్నా, అమ్మకాలు పెరిగిన తీరుకూ రావలసిన బాకీలు పెరిగిన తీరుకూ పొంతన లేకపోవడం వంటి జాడలను యంత్రం పట్టుకోగలదు. ఇదే కోవలో రిజర్వ్ బ్యాంకు ఇన్నొవేషన్ హబ్ మోసగాళ్లు డబ్బు దారి మళ్లించడానికి వాడే అద్దె ఖాతాలను గుర్తించేందుకు మ్యూల్‌హంటర్ అనే సాధనాన్ని తయారుచేసింది. 2024 డిసెంబరులో రిజర్వ్ బ్యాంకు దాన్ని ప్రకటించింది.

ఈ ఫలితాలను చదివేటప్పుడు ‘నూటికి ఇంత కచ్చితత్వం’ అన్న మాట దగ్గర ఆగి ఆలోచించాలి. వంద కంపెనీల్లో మూడే మునిగేవని అనుకుంటే, ‘ఏదీ మునగదు’ అని కళ్లు మూసుకుని చెప్పే యంత్రానికి కూడా 97 శాతం కచ్చితత్వం ఉంటుంది, దాని వల్ల బ్యాంకుకు పైసా ఉపయోగం ఉండదు. మునిగేదాన్ని వదిలేసిన తప్పు ఖర్చు వేరు, నిలబడేదాన్ని తిరస్కరించిన తప్పు ఖర్చు వేరు. రెండవ తప్పు బ్యాంకు లెక్కల్లో కనిపించదు గనుక దాన్ని చిన్నదనుకుంటారు. అది కనిపించేది ఆటోనగర్‌లో అప్పు పుట్టక మూతపడిన షెడ్డు దగ్గర.

కారణం అడిగే హక్కు

ఆల్ట్‌మన్ అంకెను కాగితం మీద విప్పి చూపవచ్చు: అప్పు ఎక్కువ, అందుకే స్కోరు తక్కువ. వేల బరువులున్న న్యూరల్ నెట్‌వర్క్ అలా విప్పి చూపదు. చిన్న ఫ్యాబ్రికేషన్ యూనిట్ యజమానికి అప్పు ఇవ్వలేమని చెప్పేటప్పుడు ‘కంప్యూటర్ ఒప్పుకోలేదు’ అన్నది కారణం కాదు, అతను దిద్దుకోగలిగినదేదో అతనికి చెప్పాలి. నెట్‌వర్క్ నేర్చుకున్నదాని నుంచి ‘అయితే–అప్పుడు’ రూపంలో సూత్రాలను వెలికితీసే పరిశోధనకు, ఫజీ సూత్రాలతో దాన్ని జతచేయడానికి ఐడీఆర్‌బీటీ వంటి చోట్ల ప్రాముఖ్యం ఉన్నది ఇందుకే. కచ్చితత్వంలో ఒకటి రెండు శాతం తగ్గినా కారణం చెప్పగల పద్ధతినే అప్పుల విషయంలో ఎంచుకోవాలన్నది ఈ వ్యాసం అభిప్రాయం.

వేగం తెచ్చే ప్రమాదం ఇంకొకటి. 2010 మే 6న అమెరికా మార్కెట్లో యంత్రాల అమ్మకాలు ఒకదానిని చూసి మరొకటి పెరిగి, డౌ జోన్స్ సూచీ నిమిషాల్లో వెయ్యి పాయింట్ల దాకా పడి మళ్లీ లేచింది. కోక్ మిశ్రమం తప్పయితే మరుసటి బ్యాచ్‌కు సరిదిద్దుకునే వ్యవధి ఉంటుంది. మార్కెట్లో ఆ వ్యవధి లేదు.

యంత్రం ముందు పెట్టని ప్రశ్న

విశాఖ ఉక్కు విషయానికొస్తే గణన మేధ మిశ్రమంలో టన్నుకు కొంత, డెమరేజ్‌లో రోజుకు కొంత, మునిగే బాకీల్లో ఏటా కొంత ఆదా చేయగలదు. కర్మాగారం రికార్డులు, రేవు రికార్డులు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ 2015లో నగరానికి వచ్చిన ఐఐఎంలోనూ ఉన్న పరిశోధకుల చేతికి అందితే ఆ ఆదా ఎంతో ఊహించనక్కరలేకుండా లెక్కగట్టవచ్చు. ఆ పని మొదలుపెట్టవలసినది సంస్థలే.

అయితే జన్యు అల్గరిథం ఇచ్చిన హద్దుల లోపలే మేలైనదాన్ని వెతుకుతుంది, ఆ హద్దులను మార్చదు. సొంత గని ఉన్న ఉక్కు కంపెనీకి ఖనిజం తవ్విన ఖర్చుకు వస్తే, విశాఖకు మార్కెట్ ధరకు వస్తుంది. ఆ తేడాను ఏ మిశ్రమమూ పూడ్చలేదు. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం ఈ కర్మాగారంలో నూరు శాతం వాటా ఉపసంహరణకు సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించింది. అందులో 10,300 కోట్లు మూలధనంగా ఇచ్చేవి, 1,140 కోట్లు పాత రుణాన్ని వాటాలుగా మార్చేవి. ఇనుప గని కేటాయింపు అందులో లేదు.